ఎనిమిది గోబ్లిన్లు, రెండున్నర గంటలు: కొట్లాట మొదలవగానే మా ఆట ఎందుకు చచ్చిపోతోంది?

హంద్రీ_గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ ఫోరంలో చదివి వెళ్లిపోయేవాణ్ని, రాయడం ఇదే మొదటిసారి. మొన్న ఆదివారం జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నాకు రాజ్‌విహార్ దగ్గర్లో చిన్న జిరాక్సు షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించేసి ఇంటికొస్తే, మూడింటికల్లా ఐదుగురు మా వరండాలో కూర్చుని ఉంటారు. ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 2014లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్. ఒకరు కథ చెప్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా, డైసు వేస్తూ ఆడే ఆట. ఉచితంగా దొరికే రూల్సునే షాపులో ప్రింటు తీసి, స్పైరల్ బైండింగు చేసి తలా ఒకటి ఇచ్చాను. డీఎం, అంటే కథ చెప్పి ఆట నడిపేది, నేనే. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి.

మా బావమరిది ఫైటర్, అంటే కత్తి వీరుడు. మేడ మీద అద్దెకుండే అన్న క్లెరిక్ (దేవుడి శక్తితో గాయాలు మాన్పేవాడు), ఆయన కోర్టులో టైపిస్టు. నాతో డిగ్రీ చదివిన ఇద్దరిలో ఒకడు విజర్డ్ (మంత్రగాడు), ఇంకొకడు రోగ్ (నక్కి కొట్టే దొంగ). మా చెల్లెలు రేంజర్ (విల్లు పట్టే వేటగత్తె). అందరూ మూడో లెవెల్.

కథ నేనే అల్లుకున్నా. కాలేజీ రోజుల్లో గండికోట పోయినప్పుడు చూసిన ధాన్యాగారం నా బుర్రలో ఉండిపోయింది. ఎత్తయిన గోడలు, లోపల చల్లటి చీకటి, బయటికొచ్చి కాస్త నడిస్తే పెన్న లోయ. అలాంటి కోట ఒకటి, అందులో అలాంటి గాదె ఒకటి. కరువు ఏడాది. ఊరి గింజలన్నీ అందులోనే ఉన్నాయి. అర్ధరాత్రి ఎనిమిది గోబ్లిన్లు (మరుగుజ్జు రాక్షసుల్లాంటివి), వాటికో నాయకుడు, కిటికీ ఊచలు వంచి దూరాయి. ఇదంతా చెప్తుంటే అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. మా బావమరిది సెల్లు పక్కన పెట్టేశాడు. వాడు సెల్లు పక్కన పెట్టడం మా అత్తగారు కూడా ఇంతవరకు చూసి ఉండరు.

"ఇనీషియేటివ్ వెయ్యండి" అన్నా, అంటే ఎవరి వంతు ముందో తేల్చే డైసు. అంతే, సినిమా మధ్యలో కరెంటు పోయినట్టయింది.

టైము రాసిపెట్టుకున్నా. 3.10కి మొదలు. మొదటి రౌండు 52 నిమిషాలు. రెండోది 41. మూడోది 35. నాలుగోది 22. ముగిసేసరికి 5.40. అందరికీ ఒక్కో వంతు వస్తే ఒక రౌండు, ఆట కథలో అది ఆరు సెకన్లు; నాలుగు రౌండ్లంటే 24 సెకన్లు. ఆ 24 సెకన్లు ఆడటానికి మాకు రెండున్నర గంటలు పట్టింది.

విజర్డ్ తన వంతు వచ్చాక గానీ బుక్కు తెరవడు. "మామా, స్లీప్ ఎంత దూరం పోతుంది?" అని మొదలుపెడతాడు, స్లీప్ అంటే నిద్రపుచ్చే మంత్రం. ఒకసారి ఏడు నిమిషాలు తీసుకుని చివరికి కత్తితో పొడిచాడు, అది కూడా తగల్లేదు. రోగ్ ఏమో "ఆ స్తంభం వెనక గోబ్లిన్ నాకు కనిపిస్తుందా లేదా" అని పది నిమిషాలు వాదించాడు. మా దగ్గర మ్యాపు లేదు, అంతా నోటి మాటే. మా చెల్లెలు మధ్యలో లేచి వంటింట్లోకి పోయి మిరపకాయ బజ్జీలు వేసుకొచ్చింది. వచ్చి, "అన్నా, ఒక వాయి దించుకొచ్చా, ఆ గోబ్లిన్ ఇంకా అదే గడపలో నిలబడి ఉంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట గుచ్చుకుంది.

చివరికి ఒక తప్పు పని కూడా చేశా. ఆఖరి రెండు గోబ్లిన్లకు చెరి నాలుగు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) మిగిలి ఉండగానే, తగిలిన చిన్న దెబ్బకే "చచ్చాయి" అనేశా. మావాళ్లకెవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.

ఇది రూల్సు తప్పా, నా తప్పా? శత్రువుల్ని తగ్గించాలా, హిట్ పాయింట్లు కోసేయాలా, అసలు కొట్లాటలే మానేయాలా?

గుత్తి_మెట్లు (అనంతపురం జిల్లా)

ముందు లెక్క చూద్దాం. 52 నిమిషాలు. వంతులెన్ని? ఐదుగురు మీవాళ్లు, తొమ్మిది శత్రువులు, మొత్తం 14. ఒక్కో వంతుకు నాలుగు నిమిషాలు కూడా పడలేదు. మీ విజర్డ్‌ను తిట్టకండి. మీ దగ్గర వంతులే ఎక్కువ.

ఎనిమిది గోబ్లిన్లకు విడివిడిగా ఇనీషియేటివ్ వేసినట్టున్నారు. 2014 రూల్సులోనే ఉంది చూడండి: ఒకే రకం శత్రువులైతే గుంపు మొత్తానికి ఒక్కటే రోల్, అన్నీ ఒకేసారి కదులుతాయి. అలా చేస్తే 14 వంతులు 7 అవుతాయి. సగం రోగం అక్కడే పోతుంది.

రెండోది, గోబ్లిన్ దెబ్బకు డైసు వేయొద్దు. దాని లెక్క పక్కనే సగటు 5 అని అచ్చేసి ఉంటుంది, అదే వాడండి. మీ ఫైటర్ ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె, 18 అనుకుందాం. గోబ్లిన్‌కు ప్లస్ 4, అంటే డీ20 (ఇరవై ముఖాల డైసు) మీద 14 గానీ పైన గానీ పడాలి. 20లో 7 అవకాశాలు. ఎనిమిదీ వాడి మీదే పడితే సగటున మూడు దెబ్బల లోపు తగులుతాయి. ఎనిమిది డీ20లు ఒకేసారి దొర్లించి, 14 గానీ పైన గానీ పడినవి ఏరుకుని, ఐదుతో గుణించి చెప్పేయండి. పది సెకన్ల పని. అన్ని డీ20లు లేకపోతే నాలుగు రెండుసార్లు.

ఆటగాళ్లు కూడా కొట్టే డైసు, దెబ్బ డైసు కలిపి ఒక్కసారే వేయాలి. తగలకపోతే దెబ్బ డైసు వంక చూడనక్కర్లేదు.

ఇంకొకటి. బట్టలు ఆరేసే క్లిప్పుల మీద పేర్లు రాసి, ఒక అట్టముక్క అంచుకు వరసగా తగిలించండి. అందరికీ కనపడాలి. "ఇప్పుడు ఫైటర్, తర్వాత విజర్డ్" అని ఎప్పుడూ రెండు పేర్లు పిలవండి. రెండో పేరు విన్నవాడు బుక్కు అప్పుడే తెరుస్తాడు. నేను చెప్పేది ఇంతే.

కూత_ముప్పై (కడప జిల్లా)

గుత్తి గారు చెప్పినవన్నీ చేయండి తమ్ముడూ, అన్నీ సరైనవే. చేశాక మీ రెండున్నర గంటలు ఒక గంటకు వస్తుంది. కానీ ఆ గంట కూడా విసుగ్గానే ఉంటుందేమోనని నా అనుమానం. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నేను ఒక హైస్కూల్లో పీఈటీని. ఈ ఆట మా అబ్బాయి బెంగళూరు హాస్టల్ నుంచి పట్టుకొచ్చాడు. సెలవులకొచ్చి మమ్మల్ని రెండుసార్లు ఆడించి వెళ్లిపోయాడు, డైసు మాత్రం నా దగ్గరే మిగిలిపోయాయి. ఇప్పుడు శనివారం సాయంత్రం మా వీధివాళ్లం నలుగురం ఆడతాం. అందులో ఒకాయన రిటైరైన కండక్టరు. టికెట్లు కొట్టినంత స్పీడుగా డైసు వేస్తాడు, ఆయనతో ఏ బాధా లేదు.

మీరు రాసింది మళ్లీ ఒకసారి చదువుకోండి. కరువు, గాదె, ఊరి గింజలు, వంచిన కిటికీ ఊచలు. ఎంత బాగుంది! ఆ తర్వాత ఇనీషియేటివ్ వేశారు. వేశాక ఆ నాలుగు రౌండ్లలో ఒక్క గోబ్లినైనా ఒక్క మూట ముట్టుకుందా? మీరు రాయలేదు, కాబట్టి ముట్టుకోలేదనే అనుకుంటున్నా. గింజల కోసం వచ్చినవి గింజల సంగతే మర్చిపోయి, మీ ఫైటర్ ఎదురుగా వరసలో నిలబడి కొట్టించుకున్నాయి. మీ చెల్లెలు అన్నది అదే కదా: గోబ్లిన్ ఇంకా గడపలోనే ఉంది.

కబడ్డీలో రైడర్ అవతలి కోర్టులోకి పోయేది ఏడుగురినీ పడగొట్టడానికి కాదు. ఒకణ్ని తాకి, తన గీత దాటి బతికి రావడానికి. చూసేవాళ్ల కళ్లన్నీ ఆ గీత మీదే ఉంటాయి. చెయ్యి గీతకు జానెడు దూరంలో ఉన్నప్పుడు ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. గీతే లేకుండా, ఏడుగురూ సొమ్మసిల్లేదాకా కొట్టుకోండి అంటే ఎవడు చూస్తాడు? మీ కొట్లాటలో గీత లేదు. హిట్ పాయింట్లు సున్నా అవడం గీత కాదు, అది అలసట.

గీత గీయడం చాలా తేలిక. గాదెలో గోడ పక్కన పన్నెండు మూటలు ఉన్నాయనండి. మూట ఎత్తడానికి గోబ్లిన్‌కు ఒక యాక్షన్, అంటే ఆ వంతులో చేసే పని అదే. ఎత్తాక సగం వేగమే. మూడు మూటలు కిటికీ దాటితే అవి గెలిచినట్టు, ఊరికి నెల తిండి పోయినట్టు. ఈ మాట దాచకండి, మొదట్లోనే అందరికీ చెప్పేయండి. ఇక చూడండి, మీ ఫైటర్ నాయకుడితో తలపడాలా, కిటికీకి అడ్డం నిలబడాలా? రేంజర్ బాణం ఎవరి మీద? ఆ ఆలోచనలో వాళ్లకు రూల్సు బుక్కే గుర్తు రాదు. గోబ్లిన్‌కు నింబుల్ ఎస్కేప్ అని ఒకటుంది చూశారా, వంతులో అదనంగా దొరికే బోనస్ యాక్షన్‌తో దెబ్బ తినకుండా జారుకోవచ్చు, లేదా దాక్కోవచ్చు. నిలబడి కొట్టుకునేదానికి ఆ రూలు ఎందుకు?

రెండో సంగతి, పారిపోవడం. ప్రాణభయం మనుషులకేనా? ఈ ఆటకే 1981లో వచ్చిన బేసిక్ రూల్సులో మొరేల్ (ధైర్యం లెక్క) అని ఉండేది, మా అబ్బాయి చూపించాడు. మొదటి శవం పడగానే ఒకసారి, గుంపులో సగం పడగానే ఇంకోసారి, రెండు మామూలు డైసు వేయాలి. ఆ ప్రాణికి రాసిన అంకె కంటే ఎక్కువ పడితే తోక ముడుస్తుంది. గోబ్లిన్‌కు ఆ అంకె 7. అంటే 36లో 15 సార్లు పారిపోతాయి. ఫిఫ్త్ ఎడిషన్‌లో కూడా డీఎం ఇష్టముంటే విజ్‌డమ్ సేవ్ 10తో, అంటే మనోబలం కలిపి డీ20 మీద 10 వస్తుందా అని చూసి, ఇదే పని చేయొచ్చు. నాకు పాతదే ఇష్టం. ఆ రెండు డైసు అందరి ముందు దొర్లుతుంటే ఉన్న ఉత్కంఠ వేరు. మీరు దొంగచాటుగా చంపిన ఆ రెండు గోబ్లిన్లు ఉన్నాయే, అవి మీ మనసులో అప్పటికే పారిపోవాలనుకుంటున్నాయి. పోనిచ్చి ఉంటే మీకు పాపం తగిలేది కాదు.

మూడోది మాట. సంక్రాంతికి మా పక్కూళ్లలో కబడ్డీ పోటీలు పెడితే మైకు నాకే ఇస్తారు. మొదట్లో నేను "రెండు పాయింట్లు, రెండు పాయింట్లు" అని అరిచేవాణ్ని. ఒక ముసలాయన వచ్చి, "అయ్యవారూ, పాయింట్లు బోర్డు మీద కనపడతాండాయి, ఆట చెప్పు" అన్నాడు. అప్పటి నుంచి చీలమండ దొరికింది, లాగుతున్నాడు, వేళ్లు మట్టిలో గీసుకుపోతున్నాయి అని చెప్పడం నేర్చుకున్నా. డీఎం పనీ అంతే. "ఐదు దెబ్బ, నీకెంత మిగిలింది?" అని అడగడంతో ఆపకండి. గోబ్లిన్ కత్తి మోకాలి కింద తగిలింది, మూట చిరిగి గింజలు రాలుతున్నాయి, కాళ్లు జారుతున్నాయి అనండి. ప్రతి దెబ్బకూ అక్కర్లేదు. రౌండుకు రెండు చాలు. మిగతావి "తగిలింది, ఐదు" అని దాటేయండి. అన్నిటికీ వర్ణన పెడితే అదింకో రోగం.

ఇక నా పేరు సంగతి. రైడుకు 30 సెకన్లే టైము, తెలుసు కదా. మా టేబుల్ మీదా అంతే. వంతు వచ్చాక 30 సెకన్లలో నోరు తెరిచి ఏం చేస్తున్నదీ మొదలుపెట్టాలి. లేకపోతే వంతు పోయింది.

చివరగా ఒకటి. ప్రో కబడ్డీలో వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అవుట్. నేను కొట్లాటను కూడా అలాగే చూస్తా. రెండు రౌండ్లు ఎవరి పరిస్థితీ మారకుండా గడిచిందంటే, మూడో రౌండులో చోటు కదలాలి. కాగడా పడి గడ్డి అంటుకోవచ్చు, తలుపు ఊడొచ్చు, ఊరివాళ్లు కట్టెలు పట్టుకుని రావొచ్చు.

ఆ, మ్యాపు మర్చిపోయా. మా వరండాలో పరిచింది నల్ల కడప బండలు. సుద్దముక్కతో గీస్తే స్కూలు బోర్డు కంటే బాగా కనపడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. గళ్లు గీయను, లెక్కపెట్టను. ఒక బండ ఒక చోటు. ఇది గడప, ఇది మూటల గుట్ట, ఇది కిటికీ కింద, ఇది స్తంభాల నీడ. ఒకే బండ మీదుంటే కత్తి అందుతుంది. పక్క బండకు ఒక కదలిక. అంతకంటే దూరమైతే బాణమో మంత్రమో. "నాకు కనిపిస్తుందా" అనే వాదన మా ఇంట్లో వినపడి ఏడాదైంది.

నిదానమే_ప్రధానం (అనంతపురం)

కూత సార్ రాసింది చాలా బాగుంది, 30 సెకన్లు తప్ప. దాని గురించి నేను మాట్లాడాలి. ఎందుకంటే మా టేబుల్ మీద ఆ విజర్డ్ నేనే.

పోయిన ఏడాది మేం ఆరుగురం ఆడేవాళ్లం. ఇలాగే కొట్లాటలు సాగుతున్నాయని మా డీఎం సెల్లులో టైమరు పెట్టాడు. రెండోసారి మోగినప్పుడు నా వంతు పోయింది. నేను ఆలోచిస్తున్నది ఏదో గొప్ప ఎత్తు గురించి కాదు. పక్కనున్న మా క్లెరిక్ కింద పడ్డాడా, ఇంకా నిలబడే ఉన్నాడా అన్నది నాకు అర్థం కాలేదు, అంతే. అడిగితే టైము పోతుందని భయం. ఆ రోజు తర్వాత నేను కొట్లాటలో ప్రతిసారీ ఫైర్ బోల్ట్ (నిప్పు విసిరే చిన్న మంత్రం) ఒక్కటే వేసేదాన్ని. స్పీడుగా ఉన్నానని డీఎం మెచ్చుకున్నాడు. నేను నెలలో మానేశాను.

హంద్రీ గారూ, మూడో లెవెల్ విజర్డ్ చేతిలో ఏముంటాయో ఒకసారి చూడండి. ఇంటెలిజెన్స్ 16 అనుకుంటే సిద్ధం చేసుకున్న స్పెల్స్ (మంత్రాలు) ఆరు, ఎన్నిసార్లైనా వేయగల క్యాంట్రిప్స్ మూడు. ఇవి కాక ఎవరైనా చేయగలిగే డాష్ (పరుగు), డాడ్జ్ (దెబ్బ తప్పించుకోవడం), హెల్ప్ (సాయం). మీ బావమరిది ముందు ఒక కత్తి ఉంటుంది. మా ముందు పన్నెండు తలుపులు ఉంటాయి. ప్రతి తలుపు వెనక ఎంత దూరం, ఎంత వెడల్పు, మనవాళ్లకు తగులుతుందా అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

మీకు జిరాక్సు షాపే ఉంది కదా. ఒక్కో స్పెల్‌కు ఒక్కో కార్డు కొట్టించండి. దూరం, ఎవరికి తగులుతుంది, ఏ డైసు వేయాలి, ఈ మూడే పెద్ద అక్షరాల్లో. వాడేసిన స్లాటుకు, అంటే మంత్రం వేసే ఒక అవకాశానికి, ఒక రూపాయి బిళ్ల తిప్పి పెట్టుకుంటాడు. నేను ఇప్పుడు ఆడుతున్న చోట అట్లానే చేస్తున్నా, నా వంతు ఒక నిమిషం దాటట్లేదు.

దానికంటే ముఖ్యమైంది మీరు చేయాల్సింది. వంతు ఇచ్చేటప్పుడు ఖాళీగా "నీ వంతు" అనకండి. "క్లెరిక్ అన్న మోకాళ్ల మీద ఉన్నాడు, నీ పక్కన గోబ్లిన్ ఎవరూ లేరు, ఒకటి మూటతో కిటికీ వైపు పోతోంది, ఏం చేస్తావ్?" అనండి. నేను మామూలుగా అడిగే మూడు ప్రశ్నలకు మీరే ముందు జవాబు చెప్పేసినట్టు. అంతవరకూ విని కూడా తేల్చుకోలేకపోతే డాడ్జ్ అని రాసుకుని ముందుకు పోండి. అప్పుడు వంతు పోయినట్టు ఉండదు, కొట్టేవాళ్లకు డిసడ్వాంటేజ్ (రెండు డైసు వేసి తక్కువది తీసుకోవడం) అయినా వస్తుంది.

కూత_ముప్పై (కడప జిల్లా)

అమ్మా, మీ మాట ఒప్పుకుంటున్నా. నేను ఆడించేది గ్రౌండు మీద పెరిగినవాళ్లను, వాళ్లకు కూత అలవాటు. కండక్టరుగారికైతే 30 సెకన్లు కూడా ఎక్కువే. కొత్తగా వచ్చిన పిల్లను మొదటి రోజే ఏడుగురి మధ్యకు రైడుకు పంపించం కదా, ముందు మూలన నిలబెట్టి చూడమంటాం. ఆ సంగతి ఇక్కడ తోచలేదు. డాడ్జ్ ఆలోచన రేపటి నుంచి నాది.

ఉగ్గాని_బొరుగులు (ఆదోని)

పెద్దపెద్ద మాటలు నాకు రావు గానీ ఒకటి చెప్తా. గోబ్లిన్లకు బొమ్మలు కొనొద్దు, శెనక్కాయలు పెట్టండి. ఎవడు చంపితే వాడు ఒలుచుకుని తినాలి. మా టేబుల్ మీద ఇది పెట్టాక ఎవడూ వంతు ఆలస్యం చేయట్లేదు. వేయించినవి పెట్టండి.

హంద్రీ_గట్టు (కర్నూలు)

మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించాలి. అందరికీ చాలా థ్యాంక్సు.

ముందు ఒక సిగ్గుపడే విషయం. కూత సార్ కడప బండల గురించి రాసింది చదివి తల దించి చూస్తే, మా వరండా కూడా నల్ల కడప బండే. ఇన్నాళ్లూ దాని మీదే కూర్చుని మ్యాపు లేదని ఏడ్చాం.

అదే గాదె, అదే కొట్లాట మళ్లీ పెట్టా. మొదటిసారి వచ్చినవి ముందుగా పంపిన దొంగలు, ఇవి అసలు గుంపు అని చెప్పా. సుద్దతో ఆరు బండల మీద గాదె గీశా. ఎనిమిది శెనక్కాయలు, నాయకుడికి ఒక చింతపిక్క. మూటలకు ఇంట్లో ఉన్న గవ్వలు. మూడు మూటలు కిటికీ దాటితే వాళ్లది గెలుపని మొదటే చెప్పేశా. స్పెల్ కార్డులు షాపులోనే పసుపు అట్ట మీద కొట్టా, విజర్డ్ వాటిని పేక ముక్కల్లా చేతిలో పరుచుకుని కూర్చున్నాడు.

మొదటి రౌండు 17 నిమిషాలు. ఫైటర్ ఒకదాన్ని చంపాడు. రెండు డైసు అందరి ముందు వేశా, 6 పడింది, గోబ్లిన్లు నిలబడ్డాయి. ఆ డైసు దొర్లుతున్నంత సేపు మా బావమరిది "పో, పో, పో" అంటున్నాడు. రెండో రౌండులో విజర్డ్ చివరికి స్లీప్ వేశాడు. ఐదు డీ8లు (ఎనిమిది ముఖాల డైసు) కలిపి 24 వచ్చింది, అంటే 24 హిట్ పాయింట్ల మేర నిద్ర. గోబ్లిన్‌కు ఏడు చొప్పున మూడు నిద్రపోయాయి. చచ్చినదాన్ని కలిపితే సగం. మళ్లీ డైసు. 9. మిగిలినవి మూటలు ఎత్తుకుని పరుగు.

మూడో రౌండే అసలైంది. అప్పటికే ఒక మూట బయటికి పోయింది. రెండోది కిటికీ అంచున ఉంది. మా చెల్లెలి వంతు. నాయకుడు ఆమె పక్క బండ మీదే ఉన్నాడు, దెబ్బ తిని ఉన్నాడు, ఒక్క బాణం తగిలితే పడతాడు. మూట మోసే గోబ్లిన్ ఏమో జారిపోతోంది. నిదానం అక్క చెప్పినట్టు ఇదంతా ఆమెకు చెప్పి "ఏం చేస్తావ్?" అన్నా. టైమరు లేదు. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె మూట మోసేదాన్ని కొట్టింది. అది కిటికీ అవతలికి పడింది, మూటతో సహా. మూట లోయలో రాళ్లకు తగిలి పగిలి, కొర్రలు గాలికి పోయాయని చెప్పా.

మేడ మీద అన్న, "అయ్యో, గింజ నేలపాలు చేశావు కదమ్మా" అన్నాడు. ఆట కోసం అన్న మాట కాదది. ఆయన వాళ్ల నాన్నది పత్తికొండ వైపు మెట్ట సేద్యం. మా చెల్లెలు ఒక నిమిషం తల వంచుకుని కూర్చుంది. మొన్న బజ్జీలు వేసుకోవడానికి పోయిన మనిషే.

మొత్తం 46 నిమిషాలు, మూడు రౌండ్లు. నాయకుడు తప్పించుకున్నాడు. ఇప్పుడు అందరికీ వాడి మీద పగ, వచ్చే వారం వాణ్ని వెతుక్కుంటూ పోతారట. ఈ కథ నేను రాసుకున్నది కాదు.

అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకండి. మా బావమరిది నిద్రపోతున్న గోబ్లిన్‌ను తినేశాడు. "వాడు చావలేదు" అంటే "నిద్రలోనే పోయాడు" అన్నాడు. రోగ్‌కు ఒక్క శెనక్కాయ కూడా దక్కలేదని అలిగాడు. గవ్వలు మూటలని మర్చిపోయి ఒకసారి డైసులా విసిరారు. అన్నిటికంటే పెద్దది, మూడో రౌండు మధ్యలో మా అమ్మ వరండా కడగడానికి బకెట్టుతో వచ్చింది. నేను అడ్డం పడేలోపే రెండు బండల గాదె కొట్టుకుపోయింది. కర్నూల్లో వరద పేరుతో ఎవరూ నవ్వరు, 2009 మా అందరికీ కళ్లముందే ఉంది. ఆ రోజు మాత్రం నవ్వారు.

ఇంకొక్క ప్రశ్న, ఆ నాయకుడి దగ్గర ఒక ఓగర్ (మొద్దు రాక్షసుడు) ఉంటుంది. ఒక్కటే, పెద్దది. 59 హిట్ పాయింట్లు, ఏసీ 11. మా ఐదుగురు కలిసి రెండు రౌండ్లలో కూల్చేస్తారు, నాకు ఖాయంగా తెలుసు. హిట్ పాయింట్లు రెట్టింపు చేయనా?

గుత్తి_మెట్లు (అనంతపురం జిల్లా)

చేయొద్దు. 59 రెట్టింపు చేస్తే 118. కొట్లాట కూడా రెట్టింపవుతుంది, మళ్లీ మొదటికొస్తారు. 46 నిమిషాలకు అభినందనలు. రౌండుకు 15 పడింది, ఇంకా తగ్గించొచ్చు.

కూత_ముప్పై (కడప జిల్లా)

గుత్తి గారూ, తగ్గించొద్దు, ఆ చెల్లెమ్మ తల వంచుకున్న నిమిషం కూడా ఆ 46లోనే ఉంది.

ఓగర్ సంగతి. రైడర్ ఒక్కడే, ఎదురుగా ఏడుగురు, అయినా ఆట ఎందుకు నిలబడుతుంది? వాడికి పోవడానికి ఒక చోటుంది, చేయడానికి ఒక పనుంది. మీ ఓగర్‌కూ పని ఇవ్వండి. మీవాళ్లు వచ్చేసరికి అది కొట్లాటకు సిద్ధంగా నిలబడి ఉండకూడదు. కోట చెరువు తూము రాయిని పెకలిస్తూ ఉండాలి. కరువు ఏడాది, ఉన్న నీళ్లన్నీ ఆ చెరువులోనే అన్నారంటే చాలు. మూడు రౌండ్లు దాన్ని కదిలించకపోతే రాయి ఊడుతుంది, నీళ్లు లోయలోకి పోతాయి. 59 హిట్ పాయింట్లు కొట్టి పడేయొచ్చు, లేదా కాళ్లకు తాడు వేసి లాగొచ్చు, తిండి చూపించి మళ్లించొచ్చు. ఐదుగురూ ఐదు రకాలుగా ఆలోచిస్తారు. రెండో రౌండులోనే చచ్చిందా, చావనివ్వండి. అప్పటికి రాయి సగం ఊడి ఉంటుంది. దాన్ని ఆపడం ఇంకో పని.

ఉగ్గాని_బొరుగులు (ఆదోని)

ఓగర్‌కు శెనక్కాయ సరిపోదన్నా. కొబ్బరికాయ పెట్టండి. మీ రోగ్‌కు చెప్పి పెట్టండి, చిప్ప వాడిదేనని.